హారతి మీద బకెట్ నీళ్ళు

బ్యాటరీ పేలితే ఊరంతా వచ్చి చూస్తుంది. పేలకుండా ఆపిన మనిషిని ఊరంతా తిడుతుంది. నర్సరావుపేటలో వినుకొండ రోడ్డు మీద నా బతుకంతా బ్యాటరీల మధ్యే గడిచింది. అంత కాలంలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే అన్నా తప్పులేదు. ఇప్పుడు షాపు మూసేశాను. మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు, బరువు ఎత్తితే నడుము పట్టేస్తుంది. కోపం మాత్రం దిగలేదు. పెద్దదానివి అయ్యావు, అది కూడా దించుకో అని కొందరు చెబుతారు. ఎందుకు దించుకోవాలి?

నాకు చదువు రాదు. సంతకం పెడతాను, అంకెలు చదువుతాను, అంతే. నేను చెబుతుంటే ఇంకొకరు రాస్తున్నారు. ఈ పనిలోకి వచ్చే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు వింటారని చెబుతున్నాను. వినకపోతే మీ ఖర్మ.

షాపు మా ఆయనది. పెళ్ళయిన కొత్తలో మధ్యాహ్నం క్యారేజీ తీసుకొచ్చి, ఆయన తిని లేచేదాకా కూర్చునేదాన్ని. ఊరికే కూర్చోవడం చేతకాక బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ పొయ్యడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకు చార్జింగ్ బల్ల నాదయింది. యాసిడ్ చుక్కలు పడి నా చీరలన్నీ జల్లెడలయ్యాయి. ఒకరోజు ఎవరో లారీ మనిషి వచ్చి, చార్జింగ్ ఎక్కుతున్న బ్యాటరీ పక్కన నిలబడి బీడీ వెలిగించాడు. తుపాకీ పేలినట్టు చప్పుడైంది. బ్యాటరీ మూత ముక్కలై ఎగిరింది. బీడీ వెలిగించినవాడికి గీత కూడా పడలేదు. పక్కన వంగి ఉన్న మా ఆయనకు ఒక కన్ను పోయింది. చార్జింగ్ ఎక్కే బ్యాటరీలోంచి గ్యాస్ వస్తుంది. అది కంటికి కనపడదు, ముక్కుకు తెలియదు. నిప్పు తగిలితే మాత్రం ఊరుకోదు. ఈ సంగతి నాకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. ఆ కంటికి పూటపూటా మందు వేసి తెలుసుకున్నాను.

తర్వాత కొన్నేళ్ళకు మా ఆయన గుండె ఆగి పోయాడు. షాపు నేను నడిపాను. బొట్టు తీసేసిన మనిషి చేతి మీదుగా బ్యాటరీ తీసుకోవడానికి మొదట్లో జనం వెనకాడారు. ఎండాకాలం వచ్చింది, కరెంటు కోతలు వచ్చాయి, వెనకాడటం మానేశారు. అవసరం ముందు శకునం ఎంతసేపు నిలబడుతుంది?

మా షాపు వెనకే బస్సులకు బాడీ కట్టే షెడ్డు ఉండేది. దాని మేస్త్రి మా ఆయనకు స్నేహితుడు. నన్ను చెల్లెమ్మా అని పిలిచేవాడు. నా క్యారేజీలో గోంగూర ఉంటే అడిగి మరీ వేయించుకునేవాడు. షెడ్డుకు వచ్చిన ఏ బండికి బ్యాటరీ పని ఉన్నా ఇంకొకరి దగ్గరికి పోయేవాడు కాదు. ఆ మనిషిని నేను పరాయివాడిగా ఎన్నడూ చూడలేదు. అందుకే ఇది ఇంకా మండుతుంది.

ఒక ఏడు మిరప కోతలు అయిపోయే రోజుల్లో ఆ షెడ్డులోకి పాత బస్సు ఒకటి వచ్చింది. రొంపిచెర్ల వైపు ఊరి నుంచి ఒక పెద్దాయన కొనుక్కొచ్చాడు. జన్మంతా లారీ తోలి మానేసిన మనిషి. సీట్లన్నీ పీకించి, మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు, చిన్న బాత్‌రూము పెట్టించి దాన్ని ఇల్లులాగా మార్పించాలని వచ్చాడు. వరసకు ఏమీ కాకపోయినా నేను ఆయన్ని బాబాయ్ అన్నాను, ఆయన భార్యను పిన్నీ అన్నాను.

బస్సు పిన్ని కోసం. ఆమె ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. కట్టెల పొయ్యి పొగో, మిరప కల్లాల్లో ఘాటో, రెండూనో, డాక్టర్లు ఏదో పేరు చెప్పారు. ఆమెకు ఆక్సిజన్ మిషన్ పెట్టారు. గాల్లోంచే ఆక్సిజన్ తీసి గొట్టంలో పంపే మిషన్, కరెంటు మీద నడుస్తుంది. నిద్రలో కూడా ముక్కుకు ఆ గొట్టం ఉండాల్సిందే. అట్లాంటి మనిషికి ఊళ్ళు తిరగాలని పట్టింది. గుళ్ళు చూడాలని కాదు. మొగుడు లారీ మీద పోయిన దారులు చూడాలని.

"నేను పిల్లల్ని పెంచుకుంటా ఈడ కూర్చుంటే ఈయన యాడ తిన్నాడో, యాడ పడుకున్నాడో చూడాలమ్మాయ్. చెప్పేవన్నీ నిజమో కాదో తేల్చుకుని పోతా," అంది నాతో మొదటిరోజే. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగేది. ఆగినప్పుడు కూడా కళ్ళు నవ్వేవి. బాబాయ్ సిగ్గుపడి బస్సు టైర్లు చూస్తూ నిలబడ్డాడు.

బ్యాటరీల దగ్గర గొడవ మొదలైంది. లారీ బ్యాటరీలు రెండు పెడితే చాలని బాబాయ్ పట్టు. ఇంజనుకీ అవే, ఇంటికీ అవే. జన్మంతా తోలాను, బ్యాటరీ సంగతి నాకు చెబుతావా అన్నాడు. పిన్ని నాకంటే ముందు అందుకుంది.

"నీకు తెలిసింది సెల్ఫ్ కొట్టటం. నాకు కావాల్సింది ఊపిరి ఆడటం. ఆ పిల్లని చెప్పనీ."

నేను చెప్పింది ఇది. లారీ బ్యాటరీ బండలాగుడు పందెంలో దిగే ఎద్దు లాంటిది. ఒక్క ఊపున లాగి వదిలేస్తుంది. అదే ఎద్దును పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా దున్నమంటే కూలబడుతుంది. మిషన్‌కు కావాల్సింది దుక్కి ఎద్దు, అంటే ఇళ్ళల్లో ఇన్వర్టర్లకు పెట్టే పొడుగాటి ట్యూబులర్ బ్యాటరీ. నెమ్మదిగా ఇస్తుంది, చాలాసేపు ఇస్తుంది. ఇంజను బ్యాటరీ వేరు, ఇంటి బ్యాటరీలు వేరు ఉండాలి. రెండూ ఒకటే పెడితే, మిషన్ నడిచి నడిచి బ్యాటరీ దిగిపోయిన రోజున బండి కూడా లేవదు. అడవిలో, ఊపిరి ఆడని మనిషితో, లేవని బండిలో కూర్చోవాలి.

ఆ మాట విని బాబాయ్ ఇంటికి పోయాడు. రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చాడు. ఫోనులో లిథియం బ్యాటరీలు చూశాడట. తేలిక, నీళ్ళు పోసే పని లేదు, ఇంక వేరే ఎందుకు అన్నాడు.

"మంచియ్యే అయి ఉండొచ్చు బాబాయ్. నేను వాటితో పని చెయ్యలా. మన రెంటచింతల ఎండల్లో అయ్యి ఎట్టా ఉంటయ్యో నాకు తెలవదు. తెలవనిదాన్ని తెచ్చి పిన్ని ముక్కుకి కట్టలేను," అన్నాను.

పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. ఏ బ్యాటరీ మంచిదని అడిగితే ముందు దాని మీద ఏం నడుస్తుందో అడగండి. అది ఆగిపోతే ఎవరికి ఏమవుతుందో అడగండి. టీవీ ఆగితే ఒక లెక్క, మనిషి ఆగితే ఒక లెక్క. పల్నాడులో ఏ మూలకు పోయినా ట్యూబులర్ బాగుచేసేవాడు దొరుకుతాడు, నీళ్ళు పోస్తే బతుకుతుంది, దాని ఆరోగ్యం మీటరు పెట్టి చూడొచ్చు. అందుకు దాన్ని పెట్టాను. దాని చెడ్డగుణం కూడా నాకు తెలుసు. గ్యాస్ వదులుతుంది. అందుకే గాలి చొరబడని పెట్టె చేయించి, దాని పై భాగం నుంచి బస్సు వెనక్కి గొట్టం వెయ్యమన్నాను. పెట్టె మూత బస్సు బయటివైపు పెట్టమన్నాను.

గొట్టం వేశాడు మేస్త్రి. మూత మాత్రం లోపలివైపు పెట్టాడు, సరిగ్గా పిన్ని మంచం కింద. బయట పెడితే బాడీ అందం చెడుతుందట. అందం! ఎర్రరంగు మీద బంగారు గీతలు గీసిన బస్సుకు ఒక చిన్న తలుపు ఉంటే అందం చెడుతుందట. నేను అరిచాను. బిగించిన లామినేట్ పలక పీకితే పాడైపోతుంది, ఈసారికి ఒప్పుకో చెల్లెమ్మా అన్నాడు. పిన్ని ప్రయాణం తొందరలో ఉంది. ఎండలు ముదిరేలోపు కొండల వైపు పోవాలి. మూత తీసేటప్పుడు కిటికీలు అన్నీ తెరవమని, దరిదాపుల్లో నిప్పు ఉండకూడదని అందరికీ చెప్పి ఊరుకున్నాను. అందరూ తలలు ఊపారు. తల ఊపడం మనవాళ్ళకు చాలా తేలిక.

బస్సు పూజకు ముందురోజు మేస్త్రి షాపుకొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. కౌంటరు మీద దుమ్ము లేకపోయినా చేత్తో తుడుస్తున్నాడు.

"చెల్లెమ్మా, రేపు పొద్దున పూజ. నువ్వు కొంచెం ఆలస్యంగా వచ్చావనుకో..."

"చార్జింగ్ ఆపి చూసుకోవాల గదన్నా. రాత్రంతా ఎక్కుద్ది."

"అదే, పూజ అయినాక చూసుకుందువు. వాళ్ళది పట్టింపు ఎక్కువ. తప్పుగా అనుకోమాక."

"నా చేతులతో మోసి పెట్టిన బ్యాటరీలన్నా అయ్యి. అప్పుడు లేని పట్టింపు ఇప్పుడు యాడి నుంచి వచ్చింది?"

"అప్పుడు ముహూర్తం కాదు గదమ్మా," అన్నాడు. నెమ్మదిగా, ప్రేమగా అన్నాడు. నా ముఖం మీద తలుపు వేస్తూ వేలు నలగకుండా చూసినట్టు.

నేను వెళ్ళాను. వెళ్ళకుండా ఎట్లా ఉంటాను? కొత్త బ్యాటరీలకు మొదటి చార్జింగ్ అది, నిండా ఎక్కించాలి, నిండాక ఆపాలి. షెడ్డు వెనక గేటు నుంచి పోయాను. మొగుడు పోయినదాన్ని గనక బస్సు ముందుకు రాకుండా వెనకనే ఉన్నాను. అంత మర్యాద పాటించాను, చూసుకోండి. ముందు వైపు సన్నాయి పెట్టారు, ఆడవాళ్ళ పట్టుచీరలు, మల్లెపూల వాసన. వెనక నేను, చార్జరు తీగ, బస్సు కడగ్గా మిగిలిన బకెట్ నీళ్ళు.

చార్జరు కట్టేసి, తీగ చుడుతూ గొట్టం వైపు చూశాను. గొట్టం నోటిలో పాత గుడ్డ కుక్కి ఉంది. బస్సు కడిగినవాళ్ళు లోపలికి నీళ్ళు పోతాయని కుక్కి ఉంటారు. తీయడం మరిచిపోయారు. రాత్రంతా చార్జింగ్ ఎక్కిన గ్యాస్ అంతా పెట్టెలోనే ఉంది. పెట్టె మీద మంచం ఉంది. మంచం మీద పిన్ని ఉంది.

గుడ్డ లాగేశాను. లాగితే ఏం లాభం, లోపల నిండింది క్షణంలో పోదు. వెనక అద్దంలోంచి చూశాను. పిన్ని పసుపు చీర కట్టుకుని మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది, ముక్కుకు గొట్టం, మెడలో పూలదండ. పూజారి అన్నిటికీ బొట్లు పెడుతున్నాడు. స్టీరింగుకు, పొయ్యికి, మిషన్‌కు. ఇక బ్యాటరీలు మిగిలాయి. ఊపిరి నిలబెట్టేవి అవే కదా, వాటికీ హారతి ఇవ్వండి అని ఎవరో అంటున్నారు. బాబాయ్ వంగి పెట్టె మూత గడియ మీద చెయ్యి వేశాడు. పూజారి పళ్ళెంలో కర్పూరం భగ్గున మండుతోంది.

దసరాకు యంత్రాలన్నిటికీ దండం పెట్టే జాతి మనది. తప్పని నేను అనను. నేనూ పెడతాను. కానీ నిండుగా చార్జింగ్ ఎక్కిన బ్యాటరీకి హారతి పట్టాలన్న ఆలోచన మనకు తప్ప ఇంకెవరికీ రాదు.

బకెట్ పట్టుకుని బస్సు ముందుకు పరిగెత్తాను. మెట్ల దగ్గర మేస్త్రి రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు.

"చెల్లెమ్మా ఆగు. నీకు దండం పెడతా, ఎదురు రామాక."

"గొట్టం మూసుకుపోయి ఉందన్నా, హారతి ఆర్పమను," అన్నాను. సన్నాయి మోతలో ఆయనకు వినపడిందో లేదో. వినపడినా నా మాట కన్నా నా నుదురే ఆయనకు ఎక్కువ కనపడింది. భుజంతో ఆయన్ని తోసి మెట్టెక్కి, బకెట్ నీళ్ళు మొత్తం హారతి పళ్ళెం మీద కొట్టాను.

కర్పూరం ఆరిపోయింది. పళ్ళెం కింద పడి దొర్లింది. పూజారి తడిసిపోయాడు, పిన్ని పాదాలు తడిశాయి. సన్నాయి ఆగిపోయింది. నేను బాబాయ్ చెయ్యి పట్టుకుని మూత మీద నుంచి లాగేశాను.

బాబాయ్ నావైపు తిరిగాడు.

"సొంత మొగుణ్ణి మింగింది చాలక నా ఇంటి మీద పడ్డావా?"

ఆ మాట వేరే ఎవరు అన్నా చెంప పగలగొట్టేదాన్ని. ఆయన భయపడ్డాడని నాకు తెలుసు. భార్య బతుకు మీద నీళ్ళు పోశాననుకున్నాడు. తెలిసినా నాకు జాలి రాలేదు. ఇప్పటికీ రావడం లేదు. చేతిలో గుడ్డ పైకెత్తి చూపించాను. ఇది గొట్టంలో ఉంది, రాత్రంతా ఉంది అన్నాను. ఏం చూస్తారు? ఒక తడి గుడ్డ. గుడ్డను చూసి గ్యాస్‌ను నమ్మమంటే ఎవరు నమ్ముతారు? పేలి ఉంటే నమ్మేవాళ్ళు. పిన్ని ముఖం కాలి ఉంటే, బాబాయ్ కన్ను పోయి ఉంటే, అయ్యో ముందే చెప్పింది పాపం అనేవాళ్ళు. పేలనిదానికి సాక్ష్యం నేను ఎక్కడి నుంచి తేను?

పిన్ని ఏదో చెప్పబోయింది గానీ దగ్గు పట్టుకుంది. ఆడవాళ్ళు ఆమె చుట్టూ మూగారు. మేస్త్రి నా జబ్బ పట్టుకుని వెనక గేటు దాకా తీసుకొచ్చి వదిలాడు. ఆయనకు అర్థమైంది. ఇంజన్ల మధ్య ముసలివాడైన మనిషికి అర్థం కాకుండా ఎట్లా ఉంటుంది? అందరి ముందూ ఆ మాట చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. నా కోపంలో పెద్ద వాటా ఆయనదే.

తర్వాత సంగతులు నాకు చెవిన పడినవి. బ్యాటరీలన్నీ పీకేయించి వేరేవి పెట్టించాలని బాబాయ్ అన్నాడట. నా చెయ్యి తగిలినవి వద్దన్నాడట. అప్పుడు పిన్ని అందట, "ఆమె ఎదురొస్తే పోతానో పోనో నాకు తెలవదు. కరెంటు ఆగితే మాత్రం పోతా. ఆ బ్యాటరీల మీద చెయ్యి వెయ్యమాక." దాంతో బ్యాటరీలు ఉన్నాయి. మళ్ళీ ముహూర్తం పెట్టారు. ఈసారి హారతి బస్సు బయట ఇచ్చారు. పూజకు ముందే మేస్త్రి లోపలి మూత బిగించేసి, బస్సు పక్కన బయటివైపు కొత్త తలుపు కోశాడు. అందం చెడిందని ఒక్కరూ అనలేదు. నేను చెప్పినవన్నీ చేశారు. నన్ను మాత్రం రానివ్వలేదు.

బస్సు వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా పిన్ని ఫోను చేసింది. బాబాయ్ నాతో మాట్లాడడు గనక బ్యాటరీల సంగతి ఆమె మాట్లాడాల్సి వచ్చింది. బస్సు పక్కన కుర్చీ వేయించుకుని, మిషన్ గొట్టం కిటికీలోంచి బయటికి లాగించుకుని కూర్చునేదట. బాబాయ్ చేత బ్యాటరీ తలుపు తెరిపించి మీటరు పెట్టించేది. సీసాలో తేలే ఆ మీటరు మీద యాసిడ్ మట్టం ఎరుపు దగ్గరికి వస్తే బ్యాటరీ దిగినట్టు, తెలుపు దగ్గర ఉంటే సగం, ఆకుపచ్చ దగ్గర ఉంటే నిండినట్టు. అది ఆమెకు బాగా పట్టుబడింది.

"తెలుపు దాటి కిందికి పోతందమ్మాయ్," అనేది.

"రాత్రి ఇంకా ఏం వాడారు పిన్నీ?"

"ఈయన టీవీ చూశాడు. టీవీ కావాల్నో, పెళ్ళాం కావాల్నో తేల్చుకోమన్నా. ఇంకా ఆలోచిస్తన్నాడు."

ఒకసారి బాబాయ్ డిస్టిల్డ్ వాటర్ దొరక్క తాగే నీళ్ళ సీసా తీసి పోశాడు. సీలు ఉన్న నీళ్ళు మంచివే కదా అని. నేను ఫోనులో ఎంత తిట్టానంటే పిన్ని నవ్వలేక దగ్గింది. తాగే నీళ్ళల్లో ఉప్పూ సున్నమూ ఉంటాయి, బ్యాటరీ లోపలి పలకల మీద పేరుకుంటాయి. మనిషికి మంచివైతే బ్యాటరీకి మంచివని రూలేమీ లేదు. ఇంకోసారి కేబుల్ బిగింపుల మీద బూజులాగా తెల్లగా, పచ్చగా పూసిందని చెప్పింది. కేబుల్ విప్పించి, వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగించి, ఆరాక వాజిలైన్ రాయించాను. నేను చెప్పడం, ఆమె చెప్పడం, బాబాయ్ చెయ్యడం. నా గొంతు ఫోనులో ఆయనకు వినపడుతూనే ఉండేది. ఆయన గొంతు మాత్రం నాకు ఎప్పుడూ వినపడలేదు.

ఘాట్ రోడ్లు చూసింది. సముద్రం చూసింది. బాబాయ్ జన్మంతా పొగిడిన ఢాబా కూడా చూసింది. "అంత గొప్పగా ఏం లేదమ్మాయ్. నా చేతి పప్పే నయం. ఇంతకాలం ఉడుక్కున్నా దీని కోసరం," అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఊపిరి కోసం చాలాసేపు ఆగింది. మిషన్ శబ్దం ఫోనులో సమంగా వస్తూనే ఉంది. నేను ఆ శబ్దం వింటూ కూర్చున్నాను. అది తగ్గితే బ్యాటరీ తప్పు, అంటే నా తప్పు. అది ఒక్కసారి కూడా తగ్గలేదు.

ఇంటికి తిరిగొచ్చాక ఒక వానాకాలంలో పోయింది. సొంత ఇంట్లో, సొంత మంచం మీద, ఇంటి కరెంటు మీద మిషన్ నడుస్తుండగానే. ఊపిరితిత్తులు ఇక చాలన్నాయి. నేను వెళ్ళాను. చావింటికి పోతే మాలాంటి మొగుడు పోయినవాళ్ళను ఎవరూ ఆపరు. ముందు వైపు నుంచే వెళ్ళొచ్చు, ఎదురొచ్చినా అడగరు. బాబాయ్ నన్ను చూసి తలవంచుకున్నాడు.

ఆ తర్వాత షెడ్డులో, టీ బంకు దగ్గర ఒకటే మాట. ఆరోజు హారతి ఆరిపోయింది కదా, అప్పుడే అనుకున్నాం అని. ఆమె చూసిన సముద్రం ఎవరికీ గుర్తులేదు. ఒక్కరోజు కూడా ఆగని మిషన్ గుర్తులేదు. నేను ఆర్పిన నిప్పు మాత్రం గుర్తుంది. మేస్త్రి ఆ మాటలు విని నోరు మెదపలేదు. ఆ రోజు నుంచి నా క్యారేజీలో గోంగూర ఉన్నా ఆయనకు పెట్టలేదు. చిన్నపని అనుకోండి. చేశాను.

ఏడాది తిరక్కుండా ఇంకో బస్సు వచ్చింది. పిన్ని బస్సు చూసి ముచ్చటపడిన ఒక రైతు కుటుంబం అట్లాంటిదే చేయించుకుంది. బ్యాటరీలు నావే. పూజ రోజు మేస్త్రి మళ్ళీ ముందుగా వచ్చి అదే మాట అన్నాడు, వెనక ఉండమని. వెనకే నిలబడ్డాను. బస్సు ముందు కొబ్బరికాయ కొట్టడానికి ఎవరిని పిలిచారో తెలుసా? బాబాయ్‌ని. అట్లాంటి బండి మొదట కట్టించిన మనిషి, దేశమంతా క్షేమంగా తిప్పుకొచ్చిన మనిషి, ఆయన చెయ్యి మంచిదట. తెల్లపంచె కట్టుకుని, కాయ చేతిలో పట్టుకుని ముందు నిలబడ్డాడు.

అప్పుడు నాకు ఏం పట్టిందో నేనే చెప్పలేను. స్పానరు తీసుకుని బ్యాటరీ తలుపు తెరిచి మైనస్ కేబుళ్ళు విప్పేశాను, ఇంటిదీ ఇంజనుదీ రెండూ. విప్పి ముందుకు వెళ్ళి నిలబడ్డాను.

"అన్నా, పిన్ని పోయి ఏడాది కూడా కాలా. బాబాయ్ ముందు నిలబడితే బండికి ఏం కాదా?"

మేస్త్రి చుట్టూ చూశాడు. "మగాళ్ళకి ఆ పట్టింపు లేదమ్మా," అన్నాడు గొంతు తగ్గించి.

"ఎవరు పెట్టారు మరి ఈ పట్టింపు? బ్యాటరీ పెట్టిందా? కేబుళ్ళు విప్పేశా. నేను బిగిస్తేనే బండి లేచుద్ది. ముహూర్తం మీ ఇష్టం."

కేబుల్ ఎవరైనా బిగించగలరు. నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. స్పానరు ఉంటే చాలు. ఎవరూ కదల్లేదు. బస్సు కొన్నాయన మేస్త్రి వైపు చూశాడు, మేస్త్రి నేల వైపు చూశాడు. బాబాయ్ ఒక్కడే కదిలాడు. కాయ పూజారి చేతికిచ్చి, నా ముందు నుంచి నడిచి బస్సు వెనక్కి పోయాడు. ఇందాక నేను నిలబడిన చోటే నిలబడ్డాడు.

"నేను కూడా ఈడే ఉంటాలే అమ్మాయ్," అన్నాడు. హారతి రోజు తర్వాత ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట.

అందరి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెద్దమనిషి అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండి, ఆయన వెనకే పోయాను.

"నువ్వు వెనక్కి వచ్చి నిలబడితే నాకేం వచ్చుద్ది బాబాయ్? ఇద్దరం వెనక నిలబడటానికా నేను అడిగింది? నీ మానాన నువ్వు ముందుకు పో. నేనూ ముందుకే పోతా."

ఆయన తిరిగి ముందుకు పోయి పూజారి చేతిలోంచి కాయ తీసుకున్నాడు. నేను బస్సు పక్కకు పోయి, అందరూ చూస్తుండగా కేబుళ్ళు రెండూ బిగించాను. తొందరపడలేదు, సరిగ్గా బిగించాను, వాజిలైన్ కూడా రాశాను. బాబాయ్ కాయ కొట్టాడు. డ్రైవరు సెల్ఫ్ కొట్టాడు. ఒక్క దెబ్బకు లేచింది.

బస్సు బయలుదేరింది. షెడ్డు గేటు తీసేవాళ్ళు లేరు, నేనే వెళ్ళాను. బస్సుకు ముందు, దారి మధ్యలో నడుస్తూ వెళ్ళాను. నేను పక్కకు తప్పుకుంటే గానీ బండి పోవడానికి దారి లేదు. వెనక హారను మోగింది. నేను నడక పెంచలేదు.